ముచ్చటలో ఏం కూర?

లోకంలో ఏ ఇల్లాలికైనా తెల్లారేసరికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఇవాళ ఏం కూర? మధురానగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడిపే కుసుమకుమారికి ఆ ప్రశ్న ఇంకాస్త పెద్దది. ఇంటినిండా ఆడపిల్లలు, ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు, ఒక్కో నాలుక. ఒకతెకి వంకాయ పడదు, ఒకతెకి బెండకాయ జిగురు, ఇంకొకతెకి అమ్మ చేసినట్టు లేదని అలక. పోనీ కట్టుకున్నాయన్ని అడుగుదామా అంటే, ఆడిటర్ హనుమత్ప్రసాద్ గారు పెళ్ళయిన నాటి నుంచీ పేపర్లోంచి తల ఎత్తకుండా ఒకటే జవాబు చెబుతున్నారు. "ఏదో ఒకటి చెయ్యవే."

ఏదో ఒకటి అనే కూర ఏ మార్కెట్లోనూ దొరకదు కదండీ! అందుకని కుసుమకుమారి ఒకనాడు ఒళ్ళు మండి, ఆ ప్రశ్న పట్టుకెళ్ళి కేకలో పెట్టింది.

కేక అంటే, నాలుగు ముక్కలు రాసి వదిలితే ఊరూవాడా చదివే యాప్. ఎప్పటినుంచో ఉన్నది, అందరూ ఉన్నది. నాయకులూ, సినిమావాళ్ళూ, వాళ్ళ అభిమానులూ, ఆ అభిమానుల్ని తిట్టేవాళ్ళూ, తిట్టేవాళ్ళని తిట్టేవాళ్ళూ అందరూ అక్కడే. ఆ సంతలో కుసుమకుమారి "ఏం కూర?" అని రెండే మాటలు రాసింది. ఎవరు పలుకుతారులే అనుకుంది. పలికారు! ఎస్.ఆర్. నగర్ నుంచి రాజనర్సయ్య అనే రిటైరైన బస్సు కండక్టరు "తోటకూర పప్పు" అని రాశాడు. భార్యకి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాక వంట ఆయనే చేస్తాడట. పంజాగుట్టలో ఓ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న సుమిత్ర "ఇప్పుడే డ్యూటీ దిగానండీ, కోడిగుడ్డు పులుసు పెడతా" అంది. మిర్చిబండి అని పేరు తగిలించుకున్న మొహం లేని మనిషి ఒకడు "ఇది కేకా, కూరగాయల మార్కెట్టా?" అన్నాడు. కుసుమకుమారి ఊరుకుంటుందా? "మార్కెట్టే నాయనా, సంచీ తెచ్చుకో" అని తగిలించింది.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే అదే ప్రశ్న, అవే గొంతులు, వాటికి తోడు ఇంకొందరు. గోంగూరలో చింతపండు వెయ్యాలా వద్దా అని వారం రోజులు కొట్టుకున్నారు. మిర్చిబండి వెక్కిరింత సరేసరి. ఒక్కరోజు వాడు రాకపోతే, పాపం ఒంట్లో బాలేదేమో అని కుసుమకుమారికి బెంగగా ఉండేది.

ఇలా ఉండగా సంహితకి ఉద్యోగం వచ్చింది. సంహిత ఎవరో కాదు, కుసుమకుమారి చెల్లెలు మంజూష కూతురు. తెనాలి నుంచి వచ్చి పెద్దమ్మ హాస్టల్లోనే పై గదిలో ఉంటూ, అమీర్‌పేటలో ఉన్న కోర్సులన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసి, ఇంటర్వ్యూలకి తిరిగి తిరిగి చెప్పులరిగాక, చివరికి పంజాగుట్టలో ఓ చిన్న కంపెనీలో చేరింది. కింద చెప్పుల షాపు, పైన జిమ్ము, మధ్యలో వీళ్ళు. వీళ్ళు చేసేదీ కేకలాంటి యాపే. దాని పేరు ముచ్చట.

"కేక ఉండగా ఇంకోటి దేనికే?" అంది పెద్దమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"కేకలో ఏముంది పెద్దమ్మా? సగం ప్రకటనలు, సగం తిట్లు. నువ్వు అడగని వాళ్ళ రాతలన్నీ తెచ్చి నీ మొహాన పోస్తుంది. ముచ్చటలో అలా కాదు. నువ్వు ఎవర్ని కోరుకుంటే వాళ్ళే కనిపిస్తారు. తెలుగు అక్షరాలు పెద్దగా, ఒత్తులు చెదరకుండా వస్తాయి. ఎవడైనా తిట్టాడా, సాయంత్రంలోగా బయటికి పంపేస్తాం."

"బానే ఉంది. మనుషులున్నారా మరి?"

సంహిత మొహం చిన్నబుచ్చుకుంది. "వస్తారు పెద్దమ్మా."

రాలేదు. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, ముచ్చటలో పట్టుమని పదిమంది మాట్లాడుకోవడం లేదు. ఒక సాయంత్రం కుసుమకుమారి మేడ మీద ఆరిన బట్టలు తీయబోతే, నీళ్ళ ట్యాంకు వెనకాల సంహిత వాళ్ళమ్మతో ఫోనులో మాట్లాడుతోంది. "ఈ కంపెనీ ఉంటుందో ఊడుతుందో తెలీదమ్మా. మళ్ళీ కోర్సులూ, మళ్ళీ ఇంటర్వ్యూలూ నావల్ల కాదు. పోతే ఇంటికొచ్చేస్తాను" అంటూ ముక్కు చీదుకుంటోంది.

కుసుమకుమారి చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగిపోయింది. పిల్ల ఒక్కనాడైనా "పెద్దమ్మా, నీ కూరల వాళ్ళని మా ముచ్చటకి తీసుకురావూ" అని నోరు తెరిచి అడగలేదు. తల్లిలాగే, అభిమానం ఎక్కువ. అడగకపోతే మాత్రం చెయ్యకూడదా ఏమిటి! మర్నాడు పొద్దున్నే కేకలో రాసేసింది. "రేపట్నుంచి నేను ముచ్చటలో అడుగుతాను. అందరూ అక్కడికి వచ్చేయండి."

వస్తాం వస్తాం అన్నారు అందరూ. చప్పట్లు కొట్టే బొమ్మలు కూడా పెట్టారు.

మర్నాడు ముచ్చటలో "ఏం కూర?" అని రాసి ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ప్రకటన లేదు, అరుపు లేదు, అక్షరం అక్షరం ముత్యంలా ఉంది. కానీ కొత్తగా రంగులు వేసి ఇంకా ఎవరూ దిగని ఫ్లాటులా ఉంది. మనం మాట్లాడితే మన గొంతే మనకి వినిపిస్తుంది. కేకలో దుమ్మూ ధూళీ లొల్లీ ఉన్నా, అమీర్‌పేట చౌరస్తాలో నిలబడ్డట్టు పదిమంది భుజాలు తగులుతుండేవి. ఇక్కడ మధ్యాహ్నమైనా ఒక్క గొంతు లేదు. ఆ పూట హాస్టల్లో కూరేం వండిందో కుసుమకుమారికే గుర్తులేదు.

మూడో రోజు దేవుడు కరుణించాడు. "నమస్తే అండీ, మా ఇంట్లో దొండకాయ వేపుడు" అని వసుమతి అనే ఆవిడ పలికింది. ఆ తర్వాత సుమశ్రీ అని ఇంకొకావిడ. "మాది టమాటా పప్పు ఆంటీ. మీ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా." కుసుమకుమారి మొహం వెలిగిపోయింది. పోనీలే, పాతవాళ్ళు రాకపోతే కొత్తవాళ్ళు వచ్చారు. ముఖ్యంగా ఆ వసుమతి ఎంత మంచి మనిషని! "మీరు వేళకి తింటున్నారా? మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారా?" అని అడుగుతుంది. తోడబుట్టినది కూడా అంతగా అడగదు.

ఆ ఉత్సాహంలోనే ఒక పొరపాటు జరిగింది. బీరకాయ తరిగేముందు కొస తుంచి నోట్లో వేసుకుని చూడాలి, ఒక్కటి చేదుంటే కూరంతా చేదే. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ కుసుమకుమారి తప్పని నియమం అది. ఆ రోజు ఒక కన్ను వసుమతి గారి జవాబు మీద, ఒక కన్ను కత్తిపీట మీద పెట్టి, చూడకుండా తరిగేసింది.

"అమ్మా, కూర మస్తు చేదున్నది. జర నోట్లె ఏస్కొని సూడు" అంది వంటలో సాయం చేసే చంద్రమ్మ. కానీ అప్పటికే వడ్డన అయిపోయింది. ఆడపిల్లలు కంచాలు జరిపేసి పెరుగన్నం తిని లేచారు. కుసుమకుమారికి తల కొట్టేసినట్టయింది. ఆ సంగతి బయట ఎవరికీ చెప్పుకోలేదు, కేకలోనూ చెప్పలేదు, ముచ్చటలోనూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున వసుమతి రాసింది. "మా ఇంట్లో బీరకాయ అండీ. కాస్త చేదొచ్చింది. అయినా ఏం పర్లేదు, ఇష్టంగా తినేశాం."

కుసుమకుమారి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. చటుక్కున పొయ్యి ఆపి, కళ్ళజోడు తుడుచుకుని, వసుమతి రాసినవన్నీ మొదట్నుంచీ చూసుకుంది. దొండకాయ వేపుడు. దానికి ముందురోజు హాస్టల్లో దొండకాయే. అరటికాయ, ముందురోజు అరటికాయే. సుమశ్రీ గారి టమాటా పప్పూ, ఆలూ కుర్మా కూడా అంతే! వాళ్ళిద్దరూ ఇవాళ వండినవన్నీ తను నిన్న వండినవే. పై గదిలో ఉన్న వంట రాని పిల్లకి తను తిన్న కూర తప్ప ఇంకే కూర పేరు తోస్తుంది?

ముందు ఒళ్ళంతా మంట పుట్టింది. "ఎంత గుండెలు తీసిన పిల్లవే! పెద్దమ్మ నెత్తికే టోపీ పెడతావా? నా మోకాళ్ళ సంగతి పట్టుకుని నాతోనే ఆటలాడతావా?" అని మెట్ల దాకా విసురుగా వెళ్ళింది. మొదటి మెట్టు మీద కాలు వేశాక ఒకటి గుర్తొచ్చింది. ఆ రోజు అందరూ కంచాలు జరిపేస్తే, ఆ చేదు కూర మెతుకు మిగల్చకుండా తిన్నది ఒక్కతే. సంహిత. బావుంది పెద్దమ్మా అని కూడా అంది, దొంగ మొహం! కుసుమకుమారి ఆ మెట్టు మీదే కూలబడి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర సంహిత అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఏంటే, ముద్ద దిగట్లేదా?"

"శుక్రవారం డబ్బు పెట్టేవాళ్ళు ఆఫీసుకొస్తున్నారు పెద్దమ్మా. కంపెనీ ఉంచాలా, మూసేయాలా అని తేలుస్తారట. మా బాసు ప్రమోద్ సార్ ఏమో వాళ్ళకి నీ 'ఏం కూర' చూపిస్తానంటున్నారు. ఇల్లాళ్ళు ఎంత బాగా మాట్లాడుకుంటున్నారో చూడండి అని." ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఓహో, అదా సంగతి! ఆ పెద్దమనుషుల్లో ఏ ఒక్కడైనా, ఎవరీ వసుమతి, ఎవరీ సుమశ్రీ అని తవ్వాడంటే పిల్ల ఉద్యోగంతో పాటు పరువూ పోతుంది. తవ్వకపోయినా అంతే, అబద్ధం మింగి కూర్చున్న పిల్లకి అన్నం దిగదు. కుసుమకుమారి మజ్జిగ పోసింది. లోపల మాత్రం తనని తనే తిట్టుకుంటోంది. తప్పు పిల్లది ఒక్కదానిదేనా? "అందరూ వచ్చేయండి" అని చాటింపు వేసినట్టు వేసి ఊరుకుంటే ఎవరొస్తారు? ఇంట్లో నోముకైనా, గృహప్రవేశానికైనా గడప గడపకీ వెళ్ళి బొట్టు పెట్టి పిలవకుండా ఎవర్ని రప్పించావమ్మా కుసుమకుమారీ? పిలవని పేరంటానికి నువ్వైతే వెళతావా?

మర్నాడు కేకలోనే చాటుగా ఒక్కొక్కరినీ మీ ఇల్లెక్కడండీ అని అడిగింది. చంద్రమ్మకి వంట అప్పగించి, కుంకుమ భరిణె, డబ్బాలో గుత్తివంకాయ కూర సంచీలో పెట్టుకుని బయల్దేరింది.

రాజనర్సయ్య ఇల్లు తన హాస్టలుకి నడిచి వెళ్ళేంత దూరం! ఇన్నాళ్ళూ రోజూ మాట్లాడుకుంటూ, ఒక్కసారి మొహం చూసుకోలేదు. తలుపు తీసిన మనిషి భుజం మీద వంటగుడ్డ ఉంది.

"మీరేనా ఏం కూర మేడమ్? రా చెల్లె, లోపటికి రా, కూసో."

మంచం మీద కూర్చున్న ఆయన భార్యకి కుసుమకుమారి బొట్టు పెట్టి, "శుక్రవారం పొద్దున ముచ్చటకి మీరిద్దరూ తప్పకుండా రావాలి వదినగారూ" అంది, పెళ్ళికి పిలిచినట్టే.

"మొగోళ్ళకు బొట్టు వెట్టరా మరి?" అన్నాడు రాజనర్సయ్య.

"మీకు కూర తెచ్చాను అన్నయ్యగారూ. ఇంతకీ ఆ రోజు వస్తానని రాలేదేం?"

ఆయన డబ్బా మూత తీసి వాసన చూసి, కాసేపు తల గోక్కున్నాడు. "నిజం జెప్తున్న చెల్లె. కేకల మస్తు లొల్లి ఉంటది, నాకు సుత తెలుసు. గని గా లొల్లిల ఉండి ఉండి అలవాటైంది. తిట్టెటోడు సుత మనోడే అనిపిస్తడు. గీ వయసుల కొత్త గల్లీకి వోతె మనల్ని ఎవరు గుర్తువడ్తరు? మీరేమో మైకుల చెప్పినట్టు అందరు రాండ్రి అన్నరు. నా పేరు వెట్టి పిలువకపాయె."

"ఇప్పుడు పిలిచానుగా!"

"ఇగ రాకుంటే మా ఇంటామె ఊకుంటదా?" అని ఆయన నవ్వేశాడు.

అక్కడి నుంచి మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగింది. డ్యూటీ దిగి వచ్చిన సుమిత్ర ఆసుపత్రి ఎదురుగా టీ కొట్టు దగ్గర కనిపించింది. కుసుమకుమారి అలవాటు కొద్దీ సంచీలోంచి భరిణె తీసి, ఆ పిల్ల మెడలో సన్నటి సిలువ చూసి, నాలిక కరుచుకుని మళ్ళీ లోపల పెట్టేసింది.

"అయ్యో ఆంటీ, అంత కంగారెందుకు? చెయ్యి పట్టుకుని పిలవండి, చాలు" అంది సుమిత్ర.

కుసుమకుమారి రెండు చేతులూ పట్టుకుని పిలిచింది. సుమిత్ర చాలాసేపు ఆ చేతులు వదల్లేదు. "రోజంతా వార్డులో మూలుగులు విని గదికెళ్ళి కేక తెరిస్తే మళ్ళీ అరుపులే. నిజానికి ఒకసారి తెరిచి చూశా, నాకు ముచ్చటే హాయిగా ఉంది ఆంటీ. ఇన్నాళ్ళూ మీ ఒక్క ప్రశ్న కోసమే కేకలో ఉన్నా. కానీ మీరు అందరూ రండి అన్నారు కదా, ఆ అందర్లో నేను ఉన్నానని ఎలా అనుకోను?"

ఆ మాటకి కుసుమకుమారి నుదురు కొట్టుకుంది. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు? దగ్గర్లో ఉన్నవాళ్ళ గడపకీ, దూరంగా ఉన్నవాళ్ళ ఫోనుకీ పేరు పేరునా వెళ్ళింది. గురువారం సాయంత్రానికి కాళ్ళు వాచాయి. ఇంకొక్క గడప మిగిలింది.

పై గది తలుపు దగ్గరగా వేసి ఉంది. కుసుమకుమారి కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని తలుపు తట్టింది.

"వసుమతి గారిల్లు ఇదేనా అండీ?"

లోపల ఫోను కింద పడ్డ చప్పుడైంది. సంహిత తలుపు తీసింది. కుసుమకుమారి ఆ పిల్ల గడ్డం పట్టుకుని నుదుట ఒక బొట్టు పెట్టింది. "ఇది వసుమతి గారికి. రోజూ నా మోకాళ్ళ సంగతి అడిగినందుకు." దాని పక్కన ఇంకొకటి. "ఇది సుమశ్రీ గారికి." మూడోది పెట్టేలోపు సంహిత పెద్దమ్మ భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చేసింది.

"కంపెనీ కోసం కాదు పెద్దమ్మా, ఒట్టు! అక్కడ అంతమందిని నా కోసం వదిలేసి వచ్చావు. ఇక్కడ రోజూ నువ్వొక్కదానివే అడుగుతుంటే చూడలేకపోయాను. ఒక్కరైనా పలకాలి కదా అని... ప్రమోద్ సార్ అది చూస్తారని, వాళ్ళకి చూపిస్తారని నాకేం తెలుసు?"

"తెలుసులేవే పిచ్చిమొహమా. చేదు బీరకాయ తిన్నప్పుడే తెలిసింది." కుసుమకుమారి ఆ పిల్ల వీపు నిమిరింది. "ఇక చాలు. వాళ్ళిద్దర్నీ సాగనంపు. రేపు వాళ్ళు రాకముందే మీ సార్‌కి ఉన్నదున్నట్టు చెప్పెయ్."

"ఉద్యోగం పోతే?"

"పోతే పోతుంది. ఈ గది ఎక్కడికీ పోదుగా."

మూడో బొట్టు అప్పుడు పెట్టింది. "ఇది సంహితకి. నువ్వూ ఇక నీ పేరుతోనే రావాలి."

శుక్రవారం పొద్దున్నే కుసుమకుమారి ముచ్చటలో "ఏం కూర?" అని రాసింది. వసుమతి లేదు, సుమశ్రీ లేదు. పలికే దిక్కు లేదు. బియ్యం కడిగింది, చూసింది. పప్పు పొయ్యి మీద పెట్టింది, చూసింది. సంహిత బిక్కుబిక్కుమంటూ ఆఫీసుకి వెళ్ళి కూడా చాలాసేపైంది.

"అమ్మా, గా ఫోను జర పక్కన వెట్టు, పప్పు అడుగంటుతున్నది" అని చంద్రమ్మ అరిచింది.

అప్పుడు మోగింది. రాజనర్సయ్య! "తోటకూర పప్పు. ఫోన్ల గిది ఎక్కించుకునేవరకు లేటైంది. ఉప్పెక్కువైంది, మా ఇంటామె గుర్రుగ సూస్తున్నది." వెనకే సుమిత్ర. "కోడిగుడ్డు పులుసు ఆంటీ, పిలిచారుగా, వచ్చేశా." ఇంకొకరు, ఆ వెనక మరొకరు. కాసేపటికల్లా గోంగూరలో చింతపండు గొడవ మళ్ళీ మొదలైంది. ఆ గొడవ మధ్యలో ఒక పేరు చూసి కుసుమకుమారి ఉలిక్కిపడింది. మిర్చిబండి! "ఇది ముచ్చటా, కూరగాయల మార్కెట్టా? అందరి ఇళ్ళకీ వెళ్ళి పిలిచారట. నన్ను మాత్రం పిలవలేదేం ఆంటీ?"

ఆ ఒక్క ముక్కకే కుసుమకుమారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తప్పయిపోయింది నాయనా. ఇల్లెక్కడో చెప్పు, కూర పట్టుకుని నేనే వస్తా" అని రాసింది.

మధ్యాహ్నం సంహిత ఫోను చేసింది. నిజం చెబితే ప్రమోద్ సార్ తల పట్టుకున్నాడట, నిన్ను ఏం చెయ్యాలి అని అరిచాడట. అంతలోకే వాళ్ళు వచ్చేశారట. చేసేది లేక అప్పటికి ఉన్నదే తెరిచి చూపిస్తే, వచ్చినవాళ్ళలో పెద్దాయన గోంగూర గొడవంతా చదివి, ఇంతకీ చింతపండు వెయ్యాలా వద్దా అని అడిగాడట. "ఇంకో ఆర్నెల్లు చూస్తామన్నారు పెద్దమ్మా. ఆ తర్వాత సంగతి చెప్పలేమన్నారు. సార్ నన్ను తియ్యలేదు. ఇంకోసారి ఇలా చేస్తే మాత్రం తీసేస్తానన్నారు."

"ఆర్నెల్లు తక్కువేంటే? ఈలోగా ఎన్ని కూరలు వండొచ్చో" అంది కుసుమకుమారి. ఫోను పెట్టేశాక దేవుడి పటానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

ఆదివారం పొద్దున ఆవిడ వంటింట్లోకి వెళ్ళబోతే, సంహిత గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇవాళ వంట నాది. నువ్వు బయట కూర్చో" అని పెద్దమ్మని ముందుగదిలోకి తరిమేసింది. లోపల చంద్రమ్మ నవ్వడం, ఏదో గిన్నె పడడం వినిపిస్తోంది. ఆడపిల్లలంతా ఇవాళ పెరుగన్నమే గతి అని గుసగుసలాడుకుంటున్నారు. పేపరు చదువుతున్న హనుమత్ప్రసాద్ గారు కూడా తల ఎత్తి వంటింటి వైపు అనుమానంగా చూశారు. కుసుమకుమారి నవ్వుకుంటూ ఫోను తీసి ముచ్చటలో "ఏం కూర?" అని రాసింది.

ఈసారి అందరికంటే ముందు సంహిత పలికింది, తన సొంత పేరుతో.

"బీరకాయ. ప్రతి కాయా కొరికి చూశాను పెద్దమ్మా, చేదు లేదు."